ముందు నాది రానీ

సారు పోయాడని నాకు ఉగ్గాని బండి దగ్గర తెలిసింది.

పొద్దున ఆఫీసుకు పోతూ ఆ బండి దగ్గర ఆగడం నాకు ఏళ్ల నాటి అలవాటు. బొరుగుల ఉగ్గాని ఆకులో పెట్టి, మిరపకాయ బజ్జీలు మాత్రం విడిగా కాగితంలో చుట్టి ఇస్తాడు. ఆ కాగితానికి రెండు పక్కలా వరసగా చిల్లులుంటాయి. దాని మీద తెలుగులో మసక మసకగా అచ్చు ఉంటుంది. నూనె మరకల నడుమ నుంచి ఇన్నేళ్లూ నేను ఒకే మనిషి జాతకం చదువుతూ వచ్చాను. ఒకరోజు చంద్రమహర్దశ చేతికొస్తే, ఇంకోరోజు కుజుడున్న గడి వచ్చేది. మొన్న చూస్తే బజ్జీలు దినపత్రిక ముక్కలో ఉన్నాయి.

"ఏమప్పా, ఇదేంది పేపర్లో కట్టినావు?" అన్నాను.

"ఉన్నవి నిన్నటితో అయిపోయె. ఇంగ ఆ కాగితాలు యాడొస్తాయి మేడం? జాతకాల సారు పోయె గదా. నెల కావస్తాంది. మీకు తెల్దా?"

నాకు తెలియదు. కర్నూలేమంత పెద్ద ఊరు గనక! సారు ఇల్లుండే సందు మా ఆఫీసుకు నాలుగు వీధుల అవతలే. అయినా ఎవరూ చెప్పలేదు. బజ్జీలు చల్లారిపోయేదాకా అక్కడే నిలబడి, తినకుండానే వెళ్లిపోయాను. 

ఆయన మొదట్లో టైపు నేర్పేవాడు. బురుజుకు దగ్గరి సందులో ఇంటి ముందుగదిలోనే ఇన్‌స్టిట్యూట్. నేను టైపు నేర్చుకున్నది అక్కడే, ఇవాళ తింటున్న జీతం కూడు ఆ గది పెట్టిందే. తర్వాత టైపుకు కాలం చెల్లితే మిషన్లన్నీ అమ్మేసి, ఒక కంప్యూటరూ, చప్పుడు చేసుకుంటూ అచ్చువేసే పాతరకం ప్రింటరూ కొని, 'ఇచ్చట కంప్యూటర్ జాతకములు, వధూవరుల పొంతనలు చూడబడును' అని బోర్డు పెట్టాడు. 

"సార్, మీకు జాతకాలు చెప్పడం వచ్చా?" అని అడిగితే దాపరికం లేకుండా నవ్వేవాడు. "నాకేమొస్తాది పాపా? దానికి వస్తాది. నాకు టైపు వచ్చు, దానికి జాతకం వచ్చు. ఇద్దరం కల్సి బతుకుతాండాం." 

ఆయనకు ఆ యంత్రమంటే భక్తి ఉండేది. చెప్పులు గడప బయట వదిలి వచ్చేవాడు. ముందు ప్రింటర్ స్విచ్చి వేసి, అది గొంతు సవరించుకున్నట్టు ఒకసారి గర్రుమన్నాకే కంప్యూటర్ స్విచ్చి వేసేవాడు. ఎవరైనా తొందరపెడితే, "ఉండప్పా, అది లేచేది చూడనీ" అనేవాడు. కంప్యూటర్లో ఉన్నది పాత ఎక్స్‌పీ. జాతకాల సాఫ్ట్‌వేర్ దాంట్లో తప్ప మరో దాంట్లో పనిచేయదు. ఊరంతా కొత్తవి కొనుక్కున్నా ఆయన మాత్రం దాన్ని వదల్లేదు. ఇక ప్రింటర్‌తో వచ్చిన డ్రైవర్ సీడీ అంటారా, అది దేవుని గూట్లో ఉండేది! పసుపు గుడ్డలో చుట్టి, మీద కుంకుమ బొట్టు పెట్టి, వెంకటరమణస్వామి పటం వెనక దాచేవాడు. 

"దేవుని గూట్లో సీడీ ఏమిటి సార్?" అని నేను ఎగతాళి చేస్తే నాకో పాఠం చెప్పాడు. "చూడు పాపా, కంప్యూటర్ మాట ఒకటి, ప్రింటర్ మాట ఒకటి. ఆదోని మార్కెట్లో కన్నడమోళ్లకూ మనోళ్లకూ నడుమ దళారి లేడూ? ఆయప్ప సరిగ్గా చెప్తేనే బేరం. ఈ డ్రైవరనేవాడు అట్లాంటోడు. ఆయప్ప తప్పు చెప్పినాడనుకో, ఇద్దరూ మంచోళ్లే అయినా పని చెడుతాది." 

ఈ మాట ఆయన సరదాగానే అన్నాడు. తర్వాత నా పెళ్లి విషయంలో ఇదే మాట పట్టుకుని ఎమ్మిగనూరు దాకా పోయి, ముక్కూ మొహం తెలియని వాళ్ల వాకిట్లో నిలబడి చెప్పాల్సి వస్తుందని ఆయనా అనుకోలేదు, నేనూ అనుకోలేదు. 

నాకు ఎమ్మిగనూరు నుంచి ఒక సంబంధం వచ్చింది. పిల్లవాడు కాలేజీలో లెక్చరర్. మాటలన్నీ అయిపోయి, పొంతన ఒక్కటే మిగిలింది. నాన్న అప్పటికి లేడు. అమ్మకు తెలిసిన నమ్మకమైన మనిషి టైపు సారే. అటువాళ్లు కూడా "పంతులైతే దుడ్లిచ్చినోళ్ల పక్క చెప్తాడు, కంప్యూటర్‌కు ఆ పక్షపాతం ఉండదు" అని ఒప్పుకున్నారు. ఒక ఆదివారం మధ్యాహ్నం అందరం ఆ ముందుగదిలో కూర్చున్నాం. అమ్మా నేనూ బల్ల మీద. ఎదురుగా ఆ పిల్లవాడు, పక్కన ఆయన మేనమామ. 

ముందు అబ్బాయిది తీశారు. ప్రింటర్ కర్రుకర్రుమంటూ చక్కగా అచ్చువేసింది. మేనమామ కాగితం అందుకుని కళ్లకద్దుకున్నాడు. సారు నా పుట్టినరోజూ వేళా టైపు చేస్తుండగా కరెంటు పోయింది. 

ఉక్కపోతలో విసనకర్రలతో విసురుకుంటూ శానాసేపు కూర్చున్నాం. కరెంటు వచ్చేసరికి మేనమామ గడియారం చూసుకుని గంతులు మొదలుపెట్టాడు. "రాహుకాలం వస్తాందప్పా! బిర్నా తియ్యి. రాహుకాలంలో పొంతన చూసేది బాగుండదు." 

పాపం, సారు కంగారుపడ్డాడు. గబగబా లేస్తుంటే కాలికి తగిలి ప్రింటర్ వైరు ఊడింది. దాన్ని దొరికిన రంధ్రంలో గుచ్చాడు. ప్రింటర్ లేవకముందే కంప్యూటర్ వేశాడు. ఏదో కొత్త పరికరం వచ్చింది, ఏ డ్రైవర్ వెయ్యమంటావు అని తెర మీద ప్రశ్న వచ్చింది. మామూలుగా అయితే ఆయన దేవుని గూటి దగ్గరికి పోయి, పసుపు గుడ్డ విప్పి, సీడీ తెచ్చి పెట్టేవాడు. ఆరోజు వెనక నుంచి ఆ పెద్దమనిషి "కానీప్పా, కానీ" అంటుంటే, నెక్స్ట్, నెక్స్ట్ అని నొక్కుకుంటూ పోయాడు. 

తర్వాత నా జాతకం బయటికి వచ్చింది. 

ఏం చెప్పను! కాగితం మీద తెలుగక్షరం ఒక్కటి లేదు. పేకముక్కల మీద ఉండే బొమ్మలున్నాయి. ఆఠీను, ఇస్పేటు, డైమను, కళావరు, వాటి మధ్యన గీతలు, కాసిన్ని నవ్వుమొహాలు. ఒక్కో వరస వేసి కాగితాన్ని మొత్తం బయటికి తోసేస్తోంది. నేల మీద కుప్ప పడింది. సారు ఆపి మళ్లీ తీశాడు. మళ్లీ పేకముక్కలే. ఇంకోసారి తీసినా అవే. 

"ఏందప్పా ఇది, జాతకమా పేకాటనా?" అన్నాడు మేనమామ. 

ఆ పిల్లవాడు వంగి ఒక కాగితం తీసుకుని చూశాడు. "నవ్వుతానే ఉండాయి గదా మామా, మంచిదే" అన్నాడు నావైపు చూసి. నాకూ నవ్వొచ్చింది. ఆ ఒక్క మాటకే ఆ మనిషి నాకు నచ్చాడు. ఇందులో దాచుకునేదేముంది, చాలా నచ్చాడు. 

మేనమామ మాత్రం నవ్వలేదు. సారు చెమటలు తుడుచుకుంటూ, "ఇది మిషను తప్పు సామీ, పాప జాతకానిది కాదు. మీవాడిది ఇంకోసారి తీస్తా చూడండి, అది కూడా ఇట్లనే వస్తాది. అప్పుడు మీకే అర్థమైతాది" అన్నాడు. 

మేనమామ గబుక్కున లేచి ఆయన చెయ్యి పట్టుకున్నాడు. "వద్దు వద్దు! మావానిది ఒక్కసారికే బంగారట్ల వచ్చింది. మళ్లా తీసి దాన్ని చెడగొట్టాల్నా? ముట్టుకోగాకు." 

కావాలంటే ఇంకెవరిదైనా తీయమని అమ్మ అంది. ఎవరిది తీసేది? అమ్మకు తను పుట్టిన వేళే తెలియదు. సారు గదంతా అటూ ఇటూ చూశాడు. రాహుకాలం వచ్చేసింది. వాళ్లు లేచారు. ఆ పిల్లవాడు గడప దాటేటప్పుడు చేతిలో కాగితం బల్ల మీద పెట్టి పోయాడు. 

మర్నాడు మెకానిక్ వచ్చి చూసి, ఒకే ప్రింటర్ పేరు కాపీ, కాపీ అని లోపల పేరుకుపోయిందనీ, తప్పు డ్రైవర్ పోయి కూర్చుందనీ చెప్పి సరిచేశాడు. నా జాతకం ముత్యాల్లాంటి అక్షరాల్లో వచ్చిందట. సారు ఆ కాగితం చుట్టి పట్టుకుని బస్సెక్కి ఎమ్మిగనూరు పోయాడు. దళారి కథంతా చెప్పాడు. వాళ్లు మంచినీళ్లిచ్చి మర్యాదగానే విన్నారు. కాగితం మాత్రం ముట్టుకోలేదు. "మావానిది రానే వచ్చె. ఆయమ్మిది ఎన్నితూర్లు తీసినా రాల్యా. దేవుడు చెప్పేది ఇంగెట్ల చెప్తాడప్పా?" అన్నాడట మేనమామ. పిల్లవాడు ఇంట్లోనే ఉన్నాడా అని నేను అడిగాను. "ఉండాడు పాపా. తలవంచుకోని కూర్చున్యాడు" అన్నాడు సారు. 

ఆ కాగితం తెచ్చి అమ్మ చేతిలో పెట్టాడు. అమ్మ దాన్ని తీసుకుపోయి పొయ్యిలో పెట్టింది. నేను చూడనే లేదు. 

ఆ తర్వాత ఆ మాట ఆగలేదు. ఆదోని దాకా, ఇటు డోన్ దాకా పాకింది. 'జాతకం రాని పిల్ల' అని నాకు పేరు పడింది. తర్వాత వచ్చిన సంబంధాలు ఆ పేరు విని కొన్ని వెనక్కిపోయాయి, కొన్నింటిని నేనే పొమ్మన్నాను. పెళ్లి లేకుండానే వయసు దాటింది. దానికి ఏడుస్తూ కూర్చోలేదు, ఉద్యోగం ఉంది, అమ్మను ఆఖరిదాకా చూసుకున్నాను. కానీ బాధ లేదంటే అబద్ధమే. ఇప్పటికీ ఎమ్మిగనూరు బస్సు కనిపిస్తే ముఖం తిప్పుకుంటాను. 

సారుకు మాత్రం అదే లోకమైపోయింది. 

ఆ ఎమ్మిగనూరు ప్రయాణం తర్వాత ఆయన ఒక పద్ధతి పెట్టుకున్నాడు. ఎవరొచ్చినా, ఎంత తొందరలో ఉన్నా, మొదట తన సొంత జాతకం తీసేవాడు. "ముందు నాది రానీ" అనేవాడు. అది బాగా వస్తే ఆ కాగితం చింపి పెద్దవాళ్ల చేతికిచ్చి, "చూడండి, మిషను బాగుండాది. ఇంగ మీ పిల్లది తీస్తా. నడుమ ఏమన్నా తేడా వస్తే మళ్లా నాది తీస్తా. నాది గూడా చెడితే తప్పు మిషనుదే, పిల్ల మీద పెట్టగాకండి" అని చెప్పేవాడు. పొంతనకు ముందొకసారి, అయ్యాక ఒకసారి. రిబ్బనూ కాగితమూ దండగని వాళ్లావిడ మొత్తుకునేది. పల్లెల నుంచి వచ్చినవాళ్లు "ఈయప్ప జాతకం మాకెందుకు?" అని విసుక్కునేవాళ్లు. కొందరైతే లేచి పోయేవాళ్లు కూడా. ఆయన వింటేగా! 

అట్లా పోగుపడిన కాగితాలన్నీ ఉగ్గాని బండికి చేరేవి. ఊళ్లో సగంమందికి ఆయన రాశి తెలుసు, నక్షత్రం తెలుసు. శని ఎప్పుడు పట్టిందో, ఎప్పుడు వదిలిందో తెలుసు. చివర్న 'దీర్ఘాయుష్మంతులు' అని ఉండేది. బజ్జీ కింద ఆ మాట వచ్చినరోజు బండివాడు నాకు చూపించి నవ్వేవాడు. 

నేను ఎప్పుడు ఎదురుపడినా సారు ఆగిపోయేవాడు. బజారైనా, గుడి మెట్లైనా, ఆర్టీసీ బస్సులో కిటికీ అవతల నుంచైనా. 

"బాగుండావా పాపా? నా మీద కోపం లేదు గదా?"

"లేదు సార్."

"ఆ పొద్దు నాది తీసింటే సరిపోతాండె పాపా. ఎదురుగా నేను ఉండా. నా పుట్టినవేళ నాకు తెలుసు. నాది కూడా పేకముక్కలే వస్తాండె, ఆ మేనమామ నోరు మూతపడతాండె. నాకు తోచలేదు చూడు. ఆ ఒక్క నిమిషం తోచలేదు." 

ఎన్నిసార్లు విన్నానో! మాట మాటా అదే వరస. ఒకసారి నాకు ఒళ్లు మండింది. ఆయన మీద కాదు, మొత్తం మీద. వినాయక ఘాట్ దగ్గర తుంగభద్ర వైపు నిలబడి ఉన్నాం. "సార్, ఇంక చాలు. ఆ మనిషికి నేను కావాలనుంటే పేకముక్కలు చూసి పోతాడా? పోయేవాడు ఎట్లైనా పోతాడు. మీరేం చేస్తారు?" అని గట్టిగానే అన్నాను. 

ఆయన నది వైపు తిరిగాడు. నీళ్లు తక్కువగా ఉన్నాయి, రాళ్లు తేలి ఉన్నాయి. 

"నువ్వు చెప్పేది నిజమే పాపా. పోయేటోడు పోతాడు. కానీ నాది తీసింటే, ఆయప్ప పోయేదానికి సాకు లేకుండా పోతాండె. నా కంప్యూటరే ఆయప్పకు సాకు ఇచ్చె." 

ఆయన మాటే నిజం. ఎంత చెప్పినా ఆయన మనసులో ఆ ముల్లు తీయడం నా చేతకాలేదు. కోపం లేదని నేను నిజంగానే అన్నాను, ఒక్కసారి కూడా ఆయన నమ్మలేదు. నాకు మిగిలిన పెద్ద విచారం అదే. 

బండి దగ్గర విన్న మర్నాడు ఆదివారం. వాళ్లింటికి పోయాను. నేను పెద్దమ్మా అని పిలిచే సారు భార్య గడపలో కూర్చుని బియ్యం చెరుగుతోంది. నన్ను చూసి చేట పక్కన పెట్టి, చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకుపోయింది. ఏడ్చింది. నేనూ ఏడ్చాను. బురుజు పక్క టీ తాగి వస్తానని పోయినవాడు మళ్లీ రాలేదట. గుండె. 

"నీ మాటే శానా అంటాండె" అంది. "ఆ పాప బాగుండాదా, యాడన్నా కనపడినాదా అని." 

అంతలో బయట ఆటో ఆగింది. పత్తికొండ పక్క పల్లె నుంచి వచ్చారు. ఒక పెద్దాయన, ఒక ఆడమనిషి, వాళ్ల నడుమ ఒక పిల్ల. సారు పోయిన సంగతి వాళ్లకు తెలియదు. తెలిసి నొచ్చుకుని పోబోతుంటే పెద్దమ్మ ఆపింది. "కూర్చోండప్పా. ఇన్నేండ్లు పక్కన కూర్చోని చూసినా. నేను తీస్తా. కర్మలన్నీ అయిపోయినాయి. నాకూ బతకల్ల గదా" అంది. 

ముందు ప్రింటర్ వేసింది. గర్రుమంది. తర్వాత కంప్యూటర్ వేసింది. కర్మల రోజుల్లో చుట్టాల కోసమని గది ఖాళీచేసి, అన్నీ పక్కకు జరిపి మళ్లీ పెట్టారట. వైర్లు ఎవరు ఎక్కడ గుచ్చారో! తెర మీద ఆ పాత ప్రశ్నే వచ్చింది. కొత్త పరికరం వచ్చింది, ఏ డ్రైవర్ వెయ్యమంటావు? 

పెద్దమ్మ వేలు నెక్స్ట్ మీదికి పోతోంది. 

"వద్దు పెద్దమ్మా! ఆగు" అన్నాను. అంత గట్టిగా ఎందుకన్నానో ఆ పిల్ల ఉలిక్కిపడింది. "సీడీ యాడుంది?" 

దేవుని గూట్లోనే ఉంది. పసుపు గుడ్డ రంగు వెలిసింది. నేను కూర్చుని, లోపలున్న కాపీలన్నీ ఒక్కొక్కటే తీసేశాను. సీడీ పెట్టి డ్రైవర్ కొత్తగా వేశాను. రోజూ ఆఫీసులో చేసే పనే, ఆరోజు మాత్రం ఒక్కో ప్రశ్నా రెండుసార్లు చదివి నొక్కాను. లేచి పెద్దమ్మకు కుర్చీ ఇచ్చాను. 

ఆమె అలవాటుగా మొగుడి పేరు కొట్టింది. పుట్టిన తేదీ, వేళ, ఊరు, అన్నీ చూడకుండానే కొట్టింది. 

"ఎవురిదమ్మా అది?" అన్నాడు పెద్దాయన. 

"మాయప్పది. ముందు ఆయనది తీసి చూసేది అలవాటు." 

"అయ్యో, శుభమా అని పొంతనకు వచ్చింటే పోయినోళ్లది ఎట్ల తీస్తావు తల్లీ?" 

ఆయన చెడ్డగా అనలేదు. పెద్దమ్మ చేతులు మాత్రం మీటల మీదే ఆగిపోయాయి. కళ్లు నిండాయి. ఆ పిల్ల తల వంచుకుని చున్నీ అంచు మెలితిప్పుకుంటోంది. ముందు తనది తీయమని ఎవరంటారో అన్నట్టు బిగుసుకుపోయి కూర్చుంది. ఆ బల్ల మీద, సరిగ్గా నేను కూర్చున్న చోటే. 

"ముందు నాది రానీ పెద్దమ్మా" అన్నాను. 

ఆమె తిరిగి నావైపు చూసింది. నా పేరు చెప్పాను. తేదీ, వేళ చెప్పాను, ఊరు కర్నూలు అన్నాను. ఆమె ఒక్కో అక్షరం వెతుక్కుంటూ కొట్టింది. ప్రింటర్ ఒకసారి ఆగి, తర్వాత కర్రుకర్రుమని మొదలుపెట్టింది. కాగితం పైకి లేచింది. మొదటి వరసలో నా పేరు, మా నాన్న పేరు. పేకముక్కలు లేవు. అన్నీ తెలుగక్షరాలే. 

కాగితం చింపి పెద్దాయన చేతిలో పెట్టాను. "చూడండి. మిషను బాగుంది. ఇక మీ పాపది తీస్తారు. నడుమ ఏదైనా తేడా వస్తే మళ్లీ నాది తీస్తారు. నేను ఇక్కడే ఉంటాను. తప్పు మిషనుదైతే మిషను మీదే పెట్టండి, పిల్ల మీద పెట్టొద్దు." 

ఆయన ఆ కాగితాన్ని తిప్పి తిప్పి చూసి, తల ఊపి, నాకు తిరిగిచ్చాడు. పిల్ల చున్నీ వదిలి పెద్దమ్మ పక్కకు జరిగి కూర్చుంది. తన పుట్టినవేళ తానే చెప్పడం మొదలుపెట్టింది. 

నా జాతకం మొదటిసారి నా చేతిలో ఉంది. చదవాలనిపించలేదు. నాలుగు మడతలు పెట్టి, గూట్లో వెంకటరమణస్వామి పటం వెనక, సీడీ పక్కన పెట్టాను. గూటి పక్కనే గోడకు సారు ఫోటో కొత్తగా మేకు కొట్టి తగిలించి ఉంది. ఎప్పట్లాగే ఆ పాత మాటే అడగబోతున్నట్టు ఉన్నాడు. 

"లేదు సార్" అన్నాను పైకే. 

ప్రింటర్ చప్పుడులో ఎవరికీ వినపడలేదు.